నలభై మీటర్లు

సర్వేయరమ్మ టేపు రెండో కొస పట్టుకోవడానికి ఊళ్ళో ఒక్కరూ రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఏ వీధిలో టేపు తీసినా పనీపాటా లేనివాళ్ళంతా చుట్టూ మూగేవాళ్ళు. "ఇలా ఇవ్వండమ్మా" అని కొస లాక్కుని మరీ పట్టుకునేవాళ్ళు. ఈసారి తలుపులు వేసుకున్నారు. మూసిన తలుపుల వెనక నుంచి దొంగ దగ్గులు, గొణుగుళ్ళు మాత్రం బాగానే వినిపించాయి. చివరికి వెనకాఫీసు వాళ్ళు ఒక ముసలి సిపాయిని తోడిచ్చారు. అతను ఎక్కడ పెట్టమంటే అక్కడ కొస పెట్టి, ఆవలిస్తూ కూర్చున్నాడు.

వెనకాఫీసుకి అసలు పేరు వేరే ఉంది. వెనకప్రాంత భద్రతా సమన్వయ కేంద్రం. ఆ పేరు పలికేలోపు ఎదురుగా రెండు లారీలు దాటిపోతాయి కాబట్టి ఊరు దాన్ని కుదించేసింది. యుద్ధం జరిగేది ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల ముందు. అక్కడికి పోయే తూటాలూ పెట్రోలూ రొట్టెలూ అన్నీ ఈ ఊరి పెద్ద రోడ్డు మీదుగానే పోవాలి. ఆ రోడ్డుని కాపలా కాయడం వెనకాఫీసు పని. ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతి గది ఖాళీ చేయించి, అందులో నాలుగు బల్లలు వేసుకున్నారు. పోలీసులకొకటి, రైలు కాపలావాళ్ళకొకటి, గస్తీకొకటి, లారీల వరసకొకటి. ప్రతి బల్ల మీదా ఒక టెలిఫోను, ఒక పటం. నాలుగూ ఒకే పటం. ఒక బల్ల మీద గీత మారితే నాలుగింటి మీదా మారాలి, లేకపోతే ఒకడు పొమ్మన్న చోట ఇంకొకడు కాలుస్తాడు. ఈ మాట మేజరు రోజుకి పదిసార్లు అనేవాడు.

పెద్ద రోడ్డు పక్క టెలిఫోను తీగ రెండుసార్లు ఎవరో తెంపారు. ఎవరో తెలియలేదు. తెలియకపోతేనేం, హుకుం వచ్చేసింది. రోడ్డు నుంచి నలభై మీటర్లలోపు ఉన్న ఇళ్ళన్నీ మూడు రోజుల్లో ఖాళీ. సైన్యంలో కొలిచేవాళ్ళు చాలక పురపాలక ఆఫీసు సర్వేయరుని పిలిపించారు. తూర్పు వైపు ఆమె కొలిచింది. పడమర వైపు సైన్యం మనిషే ఒకడు, కర్రకి చక్రం తగిలించి దొర్లించుకుంటూ కొలిచాడు. వాడికి ఊరు ఆ రోజే చక్రం అని పేరు పెట్టేసింది.

ఆమె ఎప్పటిలాగే కొలిచింది. హద్దురాయి దగ్గర సున్నా. ముప్పై మీటర్లు పోయాక ఇనప పుల్ల గుచ్చి, అక్కడి నుంచి మళ్ళీ పది. టేపు చుట్టేటప్పుడు గుడ్డ ముక్క రెండు వేళ్ళ మధ్య మడిచి పట్టుకుని, మట్టి లోపలికి పోకుండా తుడుస్తూ చుట్టడం ఆమెకి అలవాటు. చేతిలో ఆ గుడ్డ ఉండగానే వదిన ఇంటి తలుపు మీద సుద్దతో, ఖాళీ చెయ్యాల్సిన ఇళ్ళ వరసలో పద్దెనిమిది అని అంకె వేసింది. వదిన లోపల్నుంచి తడిగుడ్డ తెచ్చి ఆమె కళ్ళముందే తుడిచేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తుడిచింది. మూడోసారి వేసినప్పుడు వదిన తుడవలేదు. ఆ అంకె మీద ఉమ్మేసింది.

"నీ అన్న ఇల్లే ఇది. చేతులెలా వచ్చాయే?"

"నలభై లోపలుంది వదినా. నేనేం చెయ్యను?"

"చెయ్యాల్సింది చేసేశావుగా" అని వదిన తలుపు మొహం మీదే వేసింది.

తూర్పు వైపు ఖాళీ అయిన ఇళ్ళవాళ్ళని పత్తి గిడ్డంగిలోకి తోలారు. గాలి వీస్తే చాలు, మూలల్లోంచి నూగు లేచేది. సర్వేయరమ్మ అన్నకి పదేళ్ళుగా ఉబ్బసం.

*

నాలుగో రోజు పొద్దున మంగలిని కాల్చారు.

అతనిది వెనక వరసలో, వదిన ఇంటికి రెండిళ్ళ అవతల. వదిలేసి వచ్చిన కత్తులూ అద్దమూ తెచ్చుకుందామని గిడ్డంగి నుంచి మెల్లగా జారుకుని సొంత ఇంటి దొడ్డి గుమ్మం తీశాడు. గస్తీవాళ్ళ పటంలో ఆ ఇల్లు ఖాళీ. ఖాళీ ఇంట్లో మనిషి కనపడితే ఏం చెయ్యాలో వాళ్ళ కాగితంలో రాసి ఉంది. అది చేశారు. తూటా తొడలోంచి దూసుకుపోయింది, ప్రాణం దక్కింది. కాలు మాత్రం దక్కదని డాక్టరు చెప్పాడు.

సర్వేయరమ్మ ఆ మధ్యాహ్నం అన్నకి మందు పట్టుకుని గిడ్డంగికి వెళ్ళింది. లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. మంగలి పెళ్ళాం పైకి చూడలేదు, మూటకి వేసిన ముడి విప్పుతూ మళ్ళీ వేస్తూ కూర్చుంది. అన్న గోడకి ఆనుకుని, నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. లాగిన ప్రతిసారీ గొంతులో ఈల మోగుతోంది. చెల్లెల్ని చూసి నవ్వబోయాడు, దగ్గొచ్చింది.

"రేపు ఇంటికి పోతా" అన్నాడు అన్న దగ్గు ఆగాక. "ఇక్కడ చచ్చేకంటే నా మంచం మీద చస్తా."

"అన్నయ్యా, కాలుస్తారు."

"కాల్చనీ. తొందరగా అయిపోతుంది."

ఆయన సరదాకి అనేవాడు కాదు. కరెంటు స్తంభాలెక్కి ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, పోతానంటే పోతాడు. సర్వేయరమ్మ మందు సీసా వదిన చేతికివ్వబోయింది. వదిన తీసుకోలేదు.

"ఒక్క మాట అడుగుతా సర్వేయరమ్మ గారూ" అంది వదిన, గిడ్డంగి మొత్తానికీ వినపడేలా. "రోడ్డుకి అటు నీ ఇల్లు, ఇటు మా ఇల్లు. మా గుమ్మంలోంచి చూస్తే నీ గుమ్మం ఎదురుగా కనిపిస్తుంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా. నీ ఇల్లే రోడ్డుకి ఒక అడుగు ముందుకుంటుంది. మరి మాది పోయి నీది ఎలా మిగిలిందే?"

"అటు వైపు నేను కొలవలేదు. సైన్యంవాళ్ళు కొలిచారు."

"అబ్బ, ఎంత బాగా కలిసొచ్చింది!" అంది మంగలి పెళ్ళాం, మూట మీంచి చూపు తిప్పకుండానే.

ఎవరో పకపకా నవ్వారు. సర్వేయరమ్మ సీసా అన్న పక్కన నేలమీద పెట్టి బయటికొచ్చింది. మొహం మండిపోతోంది. దొంగతనం అంటగడతారా? ఇరవై రెండేళ్ళలో ఒక్క అంగుళం అటూ ఇటూ జరిపిందా తను? ఆ కోపంతోనే సరాసరి పెద్ద రోడ్డుకి వెళ్ళింది. వెధవ నోళ్ళు మూయించాలంటే టేపు చాలు. పడమర వైపు హద్దురాయి కింద ఇనప పుల్ల గుచ్చి, కొస ఉంగరం దానికి తగిలించి, ఒక్కతే టేపు లాక్కుంటూ తన ఇంటిదాకా నడిచింది. ముప్పై. మళ్ళీ పుల్ల. ఇంకో నాలుగు.

ముప్పై నాలుగు.

నలభై లోపల. ఆమె మళ్ళీ వెనక్కి వెళ్ళి కొలిచింది. ముప్పై నాలుగే.

*

చక్రం హైస్కూలు వెనక బకెట్లో నీళ్ళు పెట్టుకుని చక్రానికి అంటిన తారు గీకుతున్నాడు.

"ఎక్కడ నుంచి మొదలుపెట్టావు నువ్వు?" అని అడిగింది.

"ఎక్కడ నుంచేంటి మేడమ్? తెల్ల గీత మీంచి. రోడ్డు నడిమధ్య గీత ఉంటుంది చూడండి, దాని మీంచి."

"హద్దురాయి నుంచి కాదా?"

"ఏ రాయి?" అన్నాడు వాడు. నిజంగానే వాడికి ఆ రాళ్ళు కనపడలేదు. "కాగితంలో మధ్య గీత అని రాశారు కదండీ. రెండో పేజీలో."

రెండో పేజీ. ఆమె స్కూలు వరండాలో తనకిచ్చిన బల్ల సొరుగు లాగి హుకుం తీసింది. మొదటి పేజీలో, రోడ్డు నుంచి నలభై మీటర్లు. రెండో పేజీలో సన్న అక్షరాలతో, కొలత రోడ్డు మధ్యరేఖ నుంచి తీసుకోవలెను. కింద ఆమె సంతకం. రెండు పేజీల మీదా ఉంది. మొదటి పేజీ చదివి, రెండోదాని మీద ఊరికే గీకేసింది. చదవాల్సిన పనేముంది? రోడ్డు నుంచి అంటే హద్దురాయి నుంచే కదా. పురపాలక ఆఫీసులో పుట్టినవాడెవడైనా అంతే అనుకుంటాడు. రోడ్డు నడిమధ్య బండ్లది, మన పని రాయి దగ్గర మొదలవుతుంది అని ఆమెకి పని నేర్పిన పెద్ద సర్వేయరు మొదటి రోజే చెప్పాడు. రాయి గీతకి ఎనిమిది మీటర్లు ఇవతల. ఆ ఎనిమిది మీటర్ల తేడాలో తూర్పు వైపు వెనక వరస పన్నెండిళ్ళు. వదిన ఇల్లు. మంగలి కాలు.

ఆమె అక్కడే పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద కూలబడింది. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు, తను తప్ప.

మేజరు గదిలో నాలుగు టెలిఫోన్లూ మోగుతున్నాయి. ఆయన నల్లబల్ల ముందు కుర్చీలో కూర్చుని అన్నం తినేవాడిలా తాపీగా సంతకాలు పెడుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. సంతకాలు ఆపలేదు.

"పన్నెండిళ్ళు ఎక్కువ ఖాళీ అయ్యాయి. అంతేనా?"

"అంతే సార్. వాళ్ళని ఇవాళే వెనక్కి పంపించెయ్యాలి."

"మీ పటం నాలుగు బల్లల మీదా ఉంది. ముందరి దళాలకీ వెళ్ళింది. మార్చాలంటే ఎందుకు మార్చారని పైనుంచి అడుగుతారు. ఏం చెప్పను?"

"కొలత తప్పని చెప్పండి."

"ఎవరి కొలత?"

మేజరు కలం మూత బిగించి, మొదటిసారి ఆమె వంక చూశాడు. ఆ చూపులో జాలి లేదు, కోపమూ లేదు. చెడిపోయిన తాళం చూసినట్టు చూశాడు.

"మీ ఆఫీసు పద్ధతి రాయి నుంచే అన్నారు కదా. బాగుంది. పడమర వైపు కూడా రాయి నుంచే కొలిపిద్దాం. రెండు వైపులా ఒకటే కొలత, మీ తప్పు తప్పే కాకుండా పోతుంది. ఇంకో పద్నాలుగు ఇళ్ళు ఖాళీ అవుతాయి, నాకు ఇబ్బంది లేదు. రోడ్డుకి ఇంకా మంచిది."

"అందులో మా ఇల్లుంది సార్."

"ఉంటుంది."

"అయితే ఇటు పన్నెండు ఇళ్ళవాళ్ళు గిడ్డంగిలోనే ఉంటారా?"

"ఉంటారు. లేదంటే మధ్యరేఖ నుంచి మళ్ళీ కొలిచి, తప్పు పటం ఇచ్చింది నేనే అని రాసివ్వండి. భద్రతా ప్రాంతంలో తప్పు పటం ఇచ్చినవాళ్ళని ఏం చేస్తారో తెలుసుగా? విచారణ అయ్యేదాకా శిబిరంలో ఉంచుతారు. విచారణ ఎప్పుడవుతుందో నన్నడక్కండి, యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో చెప్పగలిగితే అదీ చెబుతా." మళ్ళీ కలం మూత తీశాడు. "అదీ ఇదీ వద్దనుకుంటే, మీరు ఈ గదిలోకి రాలేదు, నేను ఏమీ వినలేదు. రేపు పన్నెండింటికల్లా ఏదో ఒకటి తేల్చండి."

*

అత్తగారు పప్పులో రాళ్ళు ఏరుతూ మొత్తం విన్నది. కొడుకు ముందరి దళాల్లో ఉన్నాడు, నాలుగు నెలలుగా ఉత్తరం లేదు. అందుకని ఆవిడ ఎవరేం చెప్పినా అడ్డు తగలకుండా విని, ఒక్కటే ప్రశ్న వేసేది.

"మన ఇల్లు ఉంటుందా, పోతుందా? అది చెప్పు."

"ఇల్లు ఉంటుంది అత్తయ్యా. నేనే ఉండను."

అత్తగారి చేయి పళ్ళెంలో ఆగింది.

"నోరు మూసుకుంటే రెండూ ఉంటాయి కదా?"

"అన్నయ్య రేపు ఇంటికి పోతానంటున్నాడు. పోతే కాలుస్తారు. నేను గీసిన గీత చూసుకునే కాలుస్తారు."

"నీ వదిన నీకు దణ్ణం పెడుతుందనుకుంటున్నావా?"

"పెట్టదు."

"ఊళ్ళో ఎవరూ పెట్టరు. కావాలనే చేసిందని, దొరికిపోయిందని అంటారు. నేనూ అదే అంటాను, వేరేవాళ్ళ కోడలైతే." అత్తగారు ఒక రాయి ఏరి కిటికీలోంచి విసిరింది. "నా కొడుకొచ్చి నా పెళ్ళామేదంటే ఏం చెప్పమంటావు?"

సర్వేయరమ్మకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి, లోపలికి వెళ్ళి కోడలి ఊలు శాలువ తీసి మడతపెట్టి గుమ్మం పక్క కుర్చీలో ఉంచింది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె రాసిచ్చింది. నాలుగు వరసలు. మేజరు చదివి, సాక్షి కావాలన్నాడు. ఇళ్ళవాళ్ళలో ఎవరో ఒకరు కొలత దగ్గరుండి సంతకం పెట్టాలి. ముసలి సిపాయి గిడ్డంగికి వెళ్ళి కేకేశాడు. ఎవరూ లేవలేదు. ఇంకో ఎత్తు వేసింది, ఈసారి మిగతా ఇళ్ళు లాగుతుంది అన్నారు. చివరికి వదిన లేచింది.

"నేనొస్తా. నీ కోసం కాదు. ఈసారి ఎలా మోసం చేస్తావో చూస్తా."

లారీలు ఆపి పావుగంట టైమిచ్చారు. వదిన రోడ్డు నడిమధ్య తెల్ల గీత మీద గొంతుక్కూర్చుని టేపు కొస రెండు చేతులా నొక్కిపట్టింది.

"సున్నా గీత మీద ఉందా?" అని అరిచింది సర్వేయరమ్మ.

"నా వేలు చూసుకుంటా, నువ్వు నీది చూసుకో!"

టేపు బిగిసింది. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అంత గట్టిగా పట్టుకోలేదు. ముప్పై దగ్గర పుల్ల గుచ్చింది. వదిన లేచొచ్చి పుల్లని తనే ఊపి చూసి, అక్కడ మళ్ళీ కొస పట్టింది. టేపు మట్టిలో ఈడుస్తుంటే "పైకెత్తు, వంకర పోతోంది" అని కసిరింది. సర్వేయరమ్మ పైకెత్తింది. వదిన ఇంటి గోడకి తగిలేసరికి పదమూడు.

"నలభై మూడు" అంది సర్వేయరమ్మ.

"మళ్ళీ కొలువు."

మళ్ళీ కొలిచారు. నలభై మూడే. అయినా వదినకి నమ్మకం కుదరలేదు. గీత దగ్గరికి తిరిగి వెళ్ళి, పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటూ గుమ్మందాకా నడిచింది.

"అరవై ఒకటి" అంది గుమ్మం దగ్గర నిలబడి, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. తర్వాత సిపాయి చాపిన కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టేముందు రెండో పేజీ కూడా చదివింది.

మిగతా పదకొండిళ్ళకి కొలత, లారీలు ఆపుతూ వదులుతూ, ముప్పావుగంటలో పూర్తయింది. పదకొండు గంటలకి నాలుగు బల్లల మీదా ఒకేసారి గీత చెరిపి మళ్ళీ గీశారు. పన్నెండింటికి హైస్కూలు గేటుకి కాగితం అంటించారు. సర్వేయరు తప్పు కొలత వలన ఖాళీ చేయబడిన పన్నెండు ఇండ్లవారు తిరిగి పోవచ్చును. ఊరంతా చదివింది. అత్తగారు చెప్పినట్టే అన్నారు, ఒక్క మాట తేడా లేకుండా. దొరికిపోయింది కాబట్టి ఒప్పుకుంది అన్నారు. మంగలి పెళ్ళాం మొగుడి కత్తుల పెట్టె చంకలో పెట్టుకుని అక్కడికొచ్చి, కాగితం మీద తప్పు అన్న ఒక్క మాట దగ్గరే గోరుతో బరికి పోయింది.

జీపు రెండింటికి వచ్చింది. సర్వేయరమ్మ శాలువ కప్పుకుని, చిన్న సంచీతో గేటు దగ్గర నిలబడి ఉంది. టేపు వెనకాఫీసువాళ్ళు రాయించుకుని తీసేసుకున్నారు. తుడిచే గుడ్డ మాత్రం చేతిలో ఉండిపోయింది, దాన్నే మడుస్తూ విప్పుతూ ఉంది.

రోడ్డు దాటి వదిన వచ్చింది. దగ్గరికి రాలేదు, నాలుగడుగుల దూరంలో ఆగింది.

"మీ అన్న మంచం మీద పడుకున్నాడు. ఈల తగ్గింది."

"మందు పొద్దున్నా సాయంత్రమూ వెయ్యి వదినా."

"నాకు తెలుసు." వదిన జీపు వైపు చూసింది. "నువ్వెక్కడికి పోతున్నావో ఆయనకి చెప్పలేదు. ఇల్లు ఎలా వచ్చిందో కూడా చెప్పను. చెబితే నిన్ను క్షమించేస్తాడు. నాకది ఇష్టం లేదు."

"సరే."

"సరేనా? ఆ మంగలి కాలికి కూడా సరేనా?"

సర్వేయరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ కాలు శిబిరానికి కూడా వెంట వస్తుందని ఆమెకి తెలుసు. వదిన వెనక్కి తిరిగి రోడ్డు మీదికి పోయింది.

సిపాయి చెయ్యిచ్చి జీపు వెనక ఎక్కించాడు. బండి కదిలాక, పైకెత్తిన గుడ్డ పరదాలోంచి సర్వేయరమ్మకి రోడ్డు కనిపించింది. వదిన ఇంటికి పోలేదు. తెల్ల గీత మీద నిలబడింది. కిందికి చూసుకుని పాదం సర్దుకుంది. తర్వాత ఇంటి వైపు నడక మొదలుపెట్టింది, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ. ఇంకా నమ్మలేదు. ఇక ఎప్పటికీ నమ్మదు.

సర్వేయరమ్మ కూడా ఇటునుంచి లెక్కపెట్టింది. ఇరవై. ముప్పై. వదిన హద్దురాయి దాటి ఎంతో దూరం పోయింది. నలభై. యాభై. ఎదురుగా లారీల వరస వస్తుంటే జీపు పక్కకి తప్పుకుని మెల్లగా పోయింది, అంతలో వేగం అందుకుంది. యాభై ఎనిమిదో అడుగు దగ్గర మలుపు వచ్చి ఊరు కనపడకుండా పోయింది.

మిగిలిన మూడడుగులూ సర్వేయరమ్మ కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది.